మూత బిగించినా పురుగెలా వచ్చింది?

డబ్బా కడిగి, తుడిచి, ఎండలో ఆరబెట్టి మరీ పెసలు పోశాం. మూత గట్టిగానే బిగించాం. అయినా నెలన్నర తర్వాత మూత తీసేసరికి చేతికి తెల్లటి పొడి అంటుతుంది. గింజల నడుమ గోధుమరంగు పురుగులు పరుగెడుతుంటాయి. ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయంటే చాలా ఇళ్లలో వినిపించే జవాబు ఒకటే: "పప్పన్నాక పురుగు పుట్టదా?" పుట్టిన మాట నిజమే. కానీ దానంతట అది పుట్టలేదు, మూత సందులోంచి దూరీ రాలేదు. మనం పెసలు పోసిన రోజే, గింజ లోపల, కంటికి కనిపించకుండా ఆ డబ్బాలోకి చేరింది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే వంటింటి పురుగుల గురించి మనం చేస్తున్న పనుల్లో ఏవి పనికొస్తాయో, ఏవి దండగో, ఏవి ప్రాణం మీదికి తెస్తాయో తేలిపోతుంది.

ధాన్యంలోంచి పురుగు తనంతట తానే పుడుతుందని 17వ శతాబ్దం దాకా ఐరోపా పండితులు కూడా నమ్మారు. నెదర్లాండ్స్‌లో బట్టల వ్యాపారం చేసుకుంటూ, సొంతంగా అరగదీసిన కటకాలతో సూక్ష్మజీవుల్ని చూసిన లీవెన్‌హుక్‌కు ఈ నమ్మకం రుచించలేదు. గోధుమ గింజల్ని, ముక్కు పురుగుల్ని గాజు గొట్టాల్లో పెట్టి గమనించాడు. పురుగులు జతకట్టడం, గింజలో గుడ్డు, గుడ్డులోంచి పిల్లపురుగు, దానిలోంచి మళ్లీ ముక్కు పురుగు రావడం వరసగా చూసి, 1680లలో లండన్‌లోని రాయల్ సొసైటీకి రాశాడు. గుడ్డు లేనిదే పురుగు లేదన్న మాట అలా వంటింటి గింజల దగ్గరే ఒకసారి రుజువైంది.

బియ్యంలో కనిపించే ఆ నల్లటి ముక్కు పురుగునే ఒకసారి దగ్గరగా చూడండి. పొడవు సుమారు మూడు మిల్లీమీటర్లు. వీపు మీద ఎర్రటి మచ్చలు నాలుగు మసగ్గా కనిపిస్తాయి. తల ముందుకు సాగి సన్నని ముక్కులా ఉంటుంది, దవడలు ఆ ముక్కు కొసన ఉంటాయి. వేలితో తాకితే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడిపోతుంది. కాసేపు కదలకుండా ఉంటే మెల్లగా లేచి నడక మొదలుపెడుతుంది. ఆడపురుగు ఆ ముక్కుతో బియ్యపు గింజకు చిన్న గుంట తొలిచి, వెనక్కి తిరిగి అందులో ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. తన ఒంట్లోంచి వచ్చే జిగురుతో ఆ గుంటను పూడ్చేస్తుంది. ఆరిన జిగురు గింజ రంగులో కలిసిపోతుంది. ఇక ఆ గింజను పక్క గింజతో పోల్చి ఎంత చూసినా మన కంటికి తేడా తెలియదు. పరిశోధనశాలల్లో ఇలాంటి గింజల్ని పట్టుకోవడానికి ఎక్స్‌రే తీస్తారు.

గుడ్డులోంచి వచ్చిన కాళ్లు లేని తెల్లటి పిల్లపురుగు గింజ లోపలి పిండిని తింటూ అక్కడే పెరుగుతుంది, అక్కడే కోశస్థ దశ గడుపుతుంది. రెక్కలొచ్చిన పురుగయ్యాకే గోడ కొరుక్కుని బయటపడుతుంది. మన వేడిలో, అంటే 30 డిగ్రీల దగ్గర, ఇదంతా సుమారు నెల రోజుల్లో ముగుస్తుంది. అలా బయటికొచ్చిన పురుగు నెలల తరబడి బతుకుతుంది. ఒక ఆడపురుగు తన జీవితకాలంలో వందల గుడ్లు పెట్టగలదు. కాబట్టి బియ్యం జల్లించి పురుగుల్ని ఏరిపారేసిన రెండు వారాలకే కొత్తవి కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. జల్లెడకు చిక్కింది బయట తిరిగే పురుగు మాత్రమే. దాని సంతానం గింజల్లో భద్రంగా ఉంది.

ఇంత చిన్న ప్రాణికి ఉన్న ఏర్పాటు ఒకటి నన్ను ఎప్పుడూ అబ్బురపరుస్తుంది. బియ్యంలో పిండి పదార్థం పుష్కలం. పురుగు పెంకు గట్టిపడి నల్లబడటానికి కావలసిన టైరోసిన్, ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లాలు మాత్రం చాలవు. ఆ కొరతను పురుగు ఒంట్లో ప్రత్యేక కణాల్లో కాపురముండే ఒక బ్యాక్టీరియా తీరుస్తుంది. కొత్తగా రెక్కలొచ్చిన పురుగులో ఈ బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరుగుతుంది. పెంకు తయారయ్యాక పురుగు వాటిని తనే అరిగించేసుకుంటుంది. ఫ్రాన్స్‌లోని లియాన్ శాస్త్రవేత్తలు 2014లో ఈ సంగతి వెల్లడించారు. మనిషి వ్యవసాయం నేర్చాక మన ధాన్యం మీద వాలిన పురుగు ఇది అనుకుంటాం గానీ, దీని దగ్గరి బంధువైన మొక్కజొన్న ముక్కు పురుగు అచ్చు జపాన్‌లో సుమారు 10,500 ఏళ్ల నాటి కుండ పెంకుల మీద దొరికింది. అప్పటికి అక్కడ వరి సాగే లేదు. దాచుకున్న చెస్ట్‌నట్, ఓక్ కాయల్లో బతికి ఉంటుందని పరిశోధకులు భావించారు. అంటే వరి సాగుకు ముందు నుంచే ఈ రకం పురుగులు మనతో ఉన్నాయి.

పెసలు, అలసందలు, కందులు, శనగల దగ్గరికొస్తే కథానాయిక వేరు. పుచ్చు పురుగు గింజను తొలవదు, గింజ పైనే గుడ్డు అతికిస్తుంది. ఇది మాత్రం భూతద్దం ఉంటే మీరే చూడవచ్చు. గుప్పెడు పాత పెసలు తెల్లకాగితం మీద పరిచి వెతకండి. కొన్ని గింజల మీద గుండుసూది మొనంత తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. గోరుతో గీకితే తప్ప ఊడవు. అవే గుడ్లు. చుక్క పాల తెలుపులో ఉందంటే పిల్లపురుగు అప్పటికే గింజలోకి దిగిపోయిందని అర్థం. అది గుడ్డు అడుగు నుంచి నేరుగా గింజలోకి తొలుచుకుంటూ పోతుంది, తొలిచిన పొడి ఖాళీ గుడ్డు పెంకులోకి చేరి దాన్ని తెల్లగా మారుస్తుంది. బయటి వెలుతురు ఒక్కసారైనా చూడకుండా అది గింజలో కాపురం పెట్టేస్తుంది. మూడు నాలుగు వారాలకు గింజ పొట్టు కింద గుండ్రటి నల్లటి కిటికీ ఒకటి కనిపిస్తుంది. పురుగు బయటికి రావడానికి సిద్ధం చేసుకున్న ద్వారం అది. చివరికి ఆ మూతను నెట్టుకుని వస్తుంది. అందుకే పుచ్చిన పెసర గింజ మీద రంధ్రం అంత గుండ్రంగా, చక్కగా ఉంటుంది.

బయటికొచ్చిన ఈ పురుగు మన డబ్బాలో ఏమీ తినదు, తాగదు. గింజలో ఉన్నప్పుడు తిన్నదే దాని జీవితమంతటికీ తిండి. ఒకటి రెండు వారాలు బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. మరి మొదటి గుడ్డు ఎక్కడ పడింది? చాలాసార్లు చేలోనే. కాయ ముదురుతున్నప్పుడే పురుగు వచ్చి దాని మీద గుడ్లు పెడుతుంది. అక్కణ్ణుంచి కళ్లం, మార్కెట్ యార్డు, మిల్లు, కిరాణా కొట్టు దాటి మన ఇంటికొస్తుంది. పొట్టు తీసి బద్దలు చేసిన పప్పులో ఇది అంతగా వృద్ధి కాదు. ఏడాది సరుకు కొనేవాళ్లు గుండు పెసల కన్నా బద్ద పప్పు నిల్వ పెట్టుకోవడం మేలని నా సలహా.

పిండిలో, రవ్వలో తిరిగే ఎర్రటి పురుగు దవడలకు గట్టి గింజను కొరికే బలం లేదు. దానికి విరిగిన గింజ, నూక, పిండి కావాలి. అందుకే ముక్కు పురుగు గింజల్ని గుల్ల చేశాక ఈ ఎర్ర పురుగు వచ్చి చేరుతుంది. దీని ఒంటి నుంచి క్వినోన్‌లనే ఘాటైన రసాయనాలు వెలువడతాయి. పురుగు ఎక్కువైన గోధుమపిండి కాస్త గులాబీ రంగుకు తిరిగి, వెగటు వాసన కొట్టేది వాటివల్లే. ఆ వాసన వచ్చిన పిండిని జల్లించి వాడొద్దు, పారేయండి. శాస్త్రవేత్తలకు మాత్రం ఈ పురుగు బంగారం. పెంకు పురుగులన్నిటిలో మొట్టమొదట పూర్తి జన్యుక్రమం చదివింది దీనిదే, 2008లో.

రవ్వలో, బియ్యంలో, వేరుశనగ గింజల్లో సాలెగూడు లాంటి దారాలతో ఉండలు కట్టించేది సీతాకోకచిలకలా ఉండే బూడిదరంగు బియ్యపు చిలక పిల్లపురుగు. ఇంట్లో విసుగు పుట్టించే ఈ చిలక రైతుకు మేలు చేస్తుందంటే నమ్మబుద్ధి కాదు. వరి, చెరకు పొలాల్లో కాండం తొలుచు పురుగుల గుడ్లను నాశనం చేయడానికి రైతులు కట్టే ట్రైకో కార్డుల మీద అంటించి ఉండేవి ఈ చిలక గుడ్లే. జొన్న నూక మేపి దీన్ని ప్రయోగశాలల్లో లక్షలుగా పెంచుతారు. ఆ గుడ్లలో ట్రైకోగ్రామా అనే అతిచిన్న కందిరీగలను వృద్ధి చేసి పొలానికి పంపుతారు.

ఘాటు ఉంటే పురుగు రాదనే మాటను మసాలా డబ్బాయే అబద్ధం చేస్తుంది. పొగాకు గోదాముల్ని పట్టి పీడించే సిగరెట్ పురుగు ఎండుమిర్చి, పసుపు, ధనియాల్లోనూ హాయిగా బతుకుతుంది. పల్చటి ప్లాస్టిక్ ప్యాకెట్‌ను తొలుచుకుని వెళ్లిపోతుంది. గుంటూరులో మిర్చిని శీతల గిడ్డంగుల్లో పెట్టేది రంగు పోకుండా ఉండటానికే కాదు, ఆ చలిలో ఈ పురుగు పెరగలేదు కూడా. ఇక ఖప్రా అనే పురుగు సంగతి విమానాశ్రయాల దాకా వెళ్లింది. ఒంటి నిండా వెంట్రుకలుండే దీని పిల్లపురుగు తిండి లేకుండా ఏళ్ల తరబడి సందుల్లో దాగి ఉండగలదు. దీని భయంతోనే ఇక్కణ్ణుంచి వెళ్లేవాళ్లు సామానులో బియ్యం తీసుకెళ్లడాన్ని అమెరికా 2011లో నిషేధించింది. పిల్లల దగ్గరికి వెళ్తూ నాలుగు కిలోల సోనామసూరి పెట్టెలో సర్దే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పురుగు బతకడానికి కావలసినవి ఎన్నో లేవు. తిండి, వెచ్చదనం, కాస్త తేమ, గాలి, వ్యవధి. తిండిని తీసేయలేం. మిగిలిన నాలుగూ మన చేతిలో ఉన్నాయి.

అన్నిటికన్నా తేలికైనది వ్యవధి తగ్గించడం, దాన్నే మనం పట్టించుకోం. పాత బియ్యం వండుకోవడం మనకు మక్కువ. అన్నం పొడిపొడిగా వస్తుందని బస్తాలు ఏడాది పాటు దాస్తాం. ఆ ఏడాదిలో ముక్కు పురుగుకు ఎన్నో తరాలు గడిచిపోతాయి. అపార్ట్‌మెంట్ వంటింట్లో అంత నిల్వ అక్కర్లేదు. నెలా రెండు నెలలకు సరిపడా కొని, పాతది పూర్తిగా అయ్యాకే కొత్తది పోయాలి. పాత డబ్బాలో మిగిలిన గుప్పెడు మీద కొత్త సరుకు పోయడమంటే పురుగుకు కొత్త కాపురం అప్పగించడమే. డబ్బా మూలలు, అల్మరా అరల సందులు, పరిచిన కాగితం కింద రాలిన నూక కూడా దానికి చాలు.

వేడీ చలీ రెండూ ఆయుధాలే. గింజ లోపలిదాకా 55 డిగ్రీల వేడి గంటసేపు తగిలితే గుడ్డు మొదలు పురుగు దాకా ఏదీ మిగలదు. రోహిణి కార్తె ఎండకు డాబా మీద కందులు పల్చగా పరిచే అలవాటు వెనక ఉన్నది ఇదే. పల్చగా అన్నది ముఖ్యం. కుప్పగా పోస్తే పైపొర కాలి, అడుగు చల్లగానే ఉంటుంది, పురుగులు అడుక్కి పోతాయి. కింద నల్ల ప్లాస్టిక్ పట్టా, పైన పారదర్శక పట్టా కప్పి అంచులు మూస్తే వేడి ఇంకా పెరుగుతుంది. బియ్యాన్ని మాత్రం మండుటెండలో పెట్టకండి. గింజ పగిలి నూక అవుతుంది. బొంబాయి రవ్వను వేయించి, చల్లారాక డబ్బాలో పోసే గృహిణి కూడా గుడ్లను వేడితోనే చంపుతోంది. ఫ్రీజర్ ఉన్నవాళ్లు రవ్వ, పిండి, పెసలు ప్యాకెట్‌తోనే మైనస్ 18 డిగ్రీల్లో నాలుగు రోజులు ఉంచితే చాలు. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా ప్యాకెట్ విప్పొద్దు. చల్లటి పిండికి గాలిలోని తేమ పట్టి బూజు వస్తుంది. ఫ్రిజ్ కింది అరలో పెడితే పురుగు పెరుగుదల ఆగుతుందే గానీ వెంటనే చావదు.

గాలి సంగతి మన పూర్వికులకు బాగా తెలుసు. జొన్నలు పాతరేసి, మట్టితో మూసేస్తే లోపలి పురుగులు, గింజలు కలిసి ఉన్న ఆక్సిజన్‌ను పీల్చేసేవి. ఆ తర్వాత పురుగు పెరగదు. పాతర తెరిచిన వెంటనే మనిషి దిగకూడదని పెద్దలు హెచ్చరించేదీ లోపల పీల్చదగిన గాలి ఉండదనే. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన ల్యారీ మర్డాక్ 1980ల చివర కామెరూన్‌లో అలసందల రైతుల కోసం ఇదే సూత్రం మీద మూడు పొరల సంచిని రూపొందించాడు. రెండు ప్లాస్టిక్ పొరలు లోపల, నేసిన సంచి పైన. అందులో పురుగు ఎలా చస్తుందన్నది ఆసక్తికరం. ఎండు గింజలో బతికే పురుగుకు తాగడానికి నీళ్లుండవు. తిన్న తిండిని ఆక్సిజన్‌తో దహించుకుని, ఆ క్రమంలో ఒంట్లో పుట్టే నీటితోనే అది బతుకుతుంది. ఆక్సిజన్ తగ్గితే ఆ నీరూ అందదు. పురుగు ఎండిపోయి చస్తుంది. ఇంట్లో అయితే రబ్బరు వాచరు ఉండి బిగుతుగా పట్టే డబ్బా, లేదా బాగా ఆరిన నీళ్ల సీసా తీసుకుని, గింజల్ని మెడ దాకా కూరి, బిగించి, నెల రోజులు తెరవకుండా ఉంచాలి. సగం ఖాళీగా ఉంచినా, రోజూ తెరిచినా ఆ పని జరగదు. మామూలు స్టీలు డబ్బా మూత గాలిని ఆపలేదు.

కందులకు, పెసలకు ఆముదం పట్టించే అలవాటుకు శాస్త్రం పూర్తిగా తోడుంది. కిలోకు చెంచా, చెంచాన్నర నూనె గింజలన్నిటికీ పల్చగా పట్టిస్తే పుచ్చు పురుగు గుడ్డు సరిగా అతుక్కోదు, అతుక్కున్నదానికి గాలి అందదు. విత్తనాల కుండలో బూడిద కలపడం కూడా అంతే గట్టి పద్ధతి. ఆ పొడి పురుగు పెంకు మీది మైనపు పొరను గీరేస్తే ఒంట్లో నీరు ఆవిరైపోతుంది. వేపాకు, ఎండుమిర్చి, ఇంగువ, లవంగాల గురించి నేను అంత ధీమాగా చెప్పలేను. వాటి వాసన బయట తిరిగే పురుగును కొంత దూరం పెట్టవచ్చు. గింజ లోపలున్న పిల్లపురుగుకు ఏమీ కాదు. వేపాకు వేస్తే నీడలో పూర్తిగా ఎండినదే వేయండి. పచ్చి ఆకు తేమనిచ్చి బూజుకు దారి తీస్తుంది.

పొరపాటున ఒకటీ అరా ముక్కు పురుగు అన్నంలో ఉడికినా భయపడాల్సింది లేదు. పురుగు బాగా పట్టిన పప్పు సంగతి వేరు. అందులో పురుగు విసర్జించే యూరిక్ ఆమ్లం పెరుగుతుంది, గింజ వేడెక్కి చెమ్మగిల్లి బూజు పడుతుంది. మన ఆహార భద్రతా నిబంధనలు ధాన్యంలో యూరిక్ ఆమ్లం కిలోకు 100 మిల్లీగ్రాములు దాటకూడదంటాయి. ఇంట్లో కొలవలేం కాబట్టి, పుచ్చు గింజలు ఎక్కువై వాసన మారిన సరుకును వదులుకోవడమే మంచిది.

ఇదంతా ఇంత వివరంగా రాయడానికి అసలు కారణం మందులు. మన ఇళ్లలో బియ్యానికి, పప్పుకు బోరిక్ పౌడర్ కలపడం ఏళ్లుగా ఉంది. క్యారమ్ బోర్డు మీద చల్లే పొడి కదా, కడిగితే పోతుంది కదా అనుకుంటాం. అది కడుపులోకి వెళ్తే విషం, చిన్నపిల్లలకు మరీ ప్రమాదం. ఆహారంలో కలపదగిన పదార్థం కాదు. పైగా గింజ లోపలి పురుగు దాకా అది చేరదు కూడా.

దానికన్నా ఘోరమైనవి కొన్ని చోట్ల దుకాణాల్లో విడిగా దొరికే బియ్యం గోళీలు. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తేమ తగలగానే ఫాస్ఫీన్ వాయువు వదులుతాయి. గోదాముల్లో బస్తాల మీద పట్టాలు కప్పి, శిక్షణ పొందినవాళ్లు, రోజుల తరబడి మనుషుల్ని దగ్గరికి రానివ్వకుండా వాడాల్సిన మందు అది. మామూలు జనానికి అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. ఆ వాయువుకు విరుగుడు మందు లేదు. మూసిన గదిలో బియ్యం బస్తా పక్కన నిద్రపోయే కుటుంబానికి అది రాత్రికి రాత్రే ప్రాణం తీయగలదు.

మీ ఇంట్లో బోరిక్ పౌడర్ కలిపిన సరుకు ఉంటే వండకండి. గోళీలు ఉంటే వాటి మీద నీళ్లు పోయకండి, చేత్తో ముట్టుకోకండి, సింకులోనో చెత్తబుట్టలోనో పడేయకండి. తలుపులు, కిటికీలు తీసి అందరూ బయటికి రండి. 101కో 112కో ఫోన్ చేసి చెప్పండి. తల తిరగడం, వాంతులు, ఊపిరాడకపోవడం ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లి, గోళీల సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.